అరువిచ్చిన గొంతు

"ఇంకొక్కసారి అను."

కళ్ళజోళ్ళాయన బ్రెడ్డు ముక్క అంచులు చాకుతో తీరుగా కోసి పక్కన పెడుతూ అన్నాడు. పొద్దున్న లేచింది మొదలు ఇదే మాట. గొంతు పెంచలేదు, ప్లేటు విసరలేదు. అరిచే మొగుడైతే అక్క కూడా నాలుగు అరిచి, కాసిని కన్నీళ్ళు కార్చి, ఈపాటికి ఆఫీసుకి బయల్దేరి ఉండేది. అరవని మనిషితో వచ్చిన చిక్కే అది. గొడవ ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చచ్చినా తెలియదు.

"టైమవుతోందండీ," అంది అక్క, చేతిసంచీ జిప్పు లాగుతూ, మళ్ళీ మూస్తూ.

"అనేసి వెళ్ళు. నిన్న అంతమందిలో చీకట్లో అన్నదానివి, మొగుడి ముందు వెలుతుర్లో అనడానికేం?"

"అన్నది నేను కాదు. సినిమాలో ఆ అమ్మాయి."

"మూతి ఆ అమ్మాయిది. గొంతు నీది."

కాదనడానికేముంది?

నిన్న సాయంత్రం అక్క తమ్ముడు, ఇంట్లో అందరూ చిన్నోడని పిలిచే ఆ కొత్త డైరెక్టరు, తను తీసిన మొట్టమొదటి సినిమాని విడుదలకి ముందుగా అయినవాళ్ళకి, ఒకరిద్దరు పేపరువాళ్ళకి వేసి చూపించాడు. మొదటి ప్రేమ కథ. మేడమెట్ల మీద ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. సగం దాకా అంతా బాగానే నడిచింది. అక్కడ ఆ అమ్మాయి, ఊరు వదిలిపోతున్న అబ్బాయి చొక్కా చివర పట్టుకుని, "రాకపోయినా ఫరవాలేదు, వస్తానని చెప్పు," అంది. హాల్లో ఆడవాళ్ళంతా ముక్కులు ఎగబీల్చారు. కళ్ళజోళ్ళాయన మాత్రం లేచి నిలబడ్డాడు. తెర మీది పిల్ల నోట్లోంచి తన పెళ్ళాం గొంతు వచ్చింది మరి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, తన పెళ్ళానికి అలాంటి గొంతు ఒకటుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది," అన్నాడాయన. "ఉప్పు అందించమన్నా ఒకటే గొంతు. జ్వరమొచ్చిందన్నా అదే గొంతు. మా అమ్మ పోయిందని ఫోన్లో చెప్పావు చూడు, అప్పుడూ అదే. 'లైన్లో ఉండండి' అనే గొంతు. ఆ రెండోది ఇంట్లో ఎక్కడ దాచావు? బీరువాలోనా? తాళంచెవి నాకూ ఒకటివ్వరాదూ?"

అక్క ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, తిట్టేవాళ్ళు తిడతారు, అందరికీ ఒకే గొంతుతో జవాబివ్వడమే ఆమె ఉద్యోగం. ఆ గొంతు తన వెంట ఇంటికొచ్చి తిష్ట వేసిందని ఆమె ఎరగకపోలేదు. వేరే గొంతు కావాలని ఇంట్లో అడిగినవాళ్ళే లేకపోయారు.

"మీ తమ్ముడు రాసిన మాటంటావు," అన్నాడు.

"అవును. వాడు రాసిందే చదివాను."

"సరే. వాణ్ణే అడుగుతాను. రాసిన మాటే అయితే మూర్ఖుణ్ణి నేనే, నీ ముందు చెవులు పట్టుకుంటాను. రాసింది కాకపోతే..." బ్రెడ్డు ముక్క కొరికి, నమిలి, మింగి అప్పుడన్నాడు. "నీ సామాను నువ్వే సర్దుకో. నాకు మడతలు పెట్టడం చేతకాదు."

ఆ మాట ఊరికే అనలేదని అక్కకి తెలుసు. ఆయన ఊరికే ఏదీ అనడు.

గడపలో అప్పుడే చప్పుడైంది. ముందు అమ్మ, వెనక చిన్నోడు. అమ్మ చేతిలో పేపరు జెండాలా ఊగుతోంది.

"చూశారా అల్లుడుగారూ! పేపర్లో వేశారు మావాణ్ణి! ముక్కు కాస్త వంకరగా పడింది గానీ, దానికేం, వాళ్ళ నాన్నదీ అంతే. 'గుండెని పిండే గొంతు' అని రాశారు చూడండి. ఎవరిదిరా ఆ గొంతు అంటే మన పెద్దదానిదేనట! నాకు తెలియనే తెలియదు. పాటొచ్చినప్పుడు కాస్త కన్నంటుకుంది, పక్కావిడ పొడిచి లేపి ఏడవమంది. అవునూ, మీరేంటి నిన్న మధ్యలో లేచెళ్ళిపోయారు? కడుపులో బాగోలేదా?"

"కళ్ళు నొప్పెట్టాయి అత్తయ్యా. కూర్చోండి."

"కళ్ళజోళ్ళు అమ్మేవాళ్ళకే కళ్ళు నొప్పెడితే మాబోటివాళ్ళ గతేమిటి!" అని అమ్మ పడీపడీ నవ్వింది. ఆవిడ తప్ప ఎవరూ నవ్వలేదు.

అక్క తమ్ముడి మోచెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది. కుళాయి తిప్పింది, చప్పుడు కోసం.

"పైలట్ అన్నావు కదరా. ఎడిటింగ్‌లో కొలతకి ఉత్తినే చెప్పి పెట్టమన్నావు. తర్వాత అసలు డబ్బింగ్ అమ్మాయి వచ్చి చెప్తుంది, నీది చెరిపేస్తామన్నావు."

"వచ్చిందక్కా. ఒకరు కాదు, చాలామంది వచ్చారు. నీది విన్న చెవులతో వాళ్ళది వింటే అట్టముక్క నమిలినట్టుంది. ఏం చెయ్యను?"

"నన్నడగాలి."

"అడిగితే వద్దనేదానివి."

"అందుకే అడగలేదా?"

"అందుకే."

సిగ్గులేకుండా ఎంత సూటిగా చెప్పాడో! చిన్నప్పుడు చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి దొరికినా ఇలాగే నిలబడి చూసేవాడు.

ఆ మాట ఎలా పుట్టిందో ఇద్దరికీ తెలుసు. హీరోయిన్‌కి భాష రాదు. కెమెరా ముందు డైలాగుకి బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పుకుపోయేది, ఆ పెదాల కదలికకి మాటలు అతికించాలి. కాగితం మీద రాసింది "నీకోసం జీవితాంతం ఎదురుచూస్తాను" అని. ఎన్నిసార్లు చెప్పినా పెదాలకి అది కుదరలేదు. మాట అయిపోయాక కూడా పిల్ల మూతి ఇంకా కదుల్తూనే ఉంది. "మేడమ్, ఏదో ఒకటి నింపెయ్యండి, ఎలాగూ చెరిపేసేదే," అన్నాడు సౌండాయన. అక్క తెర మీది చొక్కా చివర పట్టుకున్న ఆ వేళ్ళు చూస్తూ నోరు తెరిచింది. లోపల ఎన్నేళ్ళ నుంచో పడి ఉన్న మాట తీసినట్టుగా బయటికొచ్చింది. సరిగ్గా పెదాలకి అతికింది.

"నీకేం గుర్తులేదనుకున్నాను," అంది అక్క.

"ఆ రోజు మన మెట్ల మీద నా చేతిలో బిస్కెట్లు పెట్టి అటు తిరిగి కూర్చోమన్నావు. అటు తిరిగితే చెవులు కూడా తిరుగుతాయా? కథలో అంతా మార్చానుగా! అతన్ని ఈత నేర్పేవాణ్ణి చేశాను, నిన్ను ధనవంతుల పిల్లని చేశాను. ఎవరు పోలుస్తారు?"

"గొంతు మార్చలేదుగా."

కుళాయి నీళ్ళు సింకులో నిండి అంచుకొచ్చాయి. అక్క కట్టేసింది, మళ్ళీ తిప్పింది.

"ఒరేయ్, నా మాట విను. ఆయన అడుగుతారు, ఆ డైలాగు ఎవరు రాశారని. నువ్వే రాశానని చెప్పు. అంతే. ఇంకేం వద్దు."

"అంత భయమేంటక్కా నీకు? పంపించేస్తే మన ఇంటికొచ్చెయ్. అమ్మ ఉంది, నేనున్నాను."

"నాకిక్కడ ఒక ఇల్లుందిరా. వేడీ లేదు, చలీ లేదు. నా గిన్నెలు నేను పెట్టిన చోటే ఉంటాయి. అది నీకు చిన్న విషయం. నాకు కాదు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కి, ఆ గదిలోకొచ్చి, అమ్మ పక్కన చాప వేసుకోలేను. చెప్తావా లేదా?"

"చెప్తాలే."

"ఒట్టెయ్."

"ఒట్టు. పద, టీ చల్లారిపోతుంది."

కళ్ళజోళ్ళాయన బావమరిదికి తన పక్కనే కుర్చీ లాగి పెట్టాడు. దుకాణంలో కళ్ళు పరీక్ష చేయించుకునేవాళ్ళని కూర్చోబెట్టేటప్పుడు ఎంత మర్యాదో అంత మర్యాద. ఒక అద్దం మార్చి, ఇంకో అద్దం వేసి, ఇది బాగుందా ముందుది బాగుందా అని మెత్తగా అడిగి అడిగి, మనిషి దాచుకున్న లోపాన్ని మనిషి చేతే చెప్పించడం ఆయన విద్య.

"ఏమోయ్ డైరెక్టరూ! బాగా తీశావు. ఆ మెట్ల మీద వెలుతురు, పై కిటికీలోంచి పడుతుంది చూడు, అది భలే ఉంది."

చిన్నోడి ముఖం విచ్చుకుంది. "దానికే చాలా కష్టపడ్డాం బావా."

"తెలుస్తోంది. పాటలు కూడా పరవాలేదు. ఆ కుర్రాడు కాస్త మొద్దులా ఉన్నాడు గానీ నడిచిపోతుంది. ఒక్కటే ఒక్క లోపం."

"ఏంటి బావా?"

"ఆ మాట. రాకపోయినా ఫరవాలేదు అని. అది తీసెయ్యవోయ్. పరమ చెత్తగా ఉంది."

అక్క కెటిల్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. అంత తేలిగ్గా దాటిపోతుందా అని లోపల చిన్న ఆశ.

"అందరికీ అదే నచ్చింది బావా," అన్నాడు చిన్నోడు. "పేపర్లో కూడా..."

"పేపరువాళ్ళకేం తెలుసు? ప్రేమించిన ఆడది ఎవతైనా అలా అంటుందా? రాకపోయినా ఫరవాలేదట! ఏదో గదిలో కూర్చుని, ప్రేమ ముఖమే ఎరగనివాడు కల్పించి రాసిన మాటని ఇట్టే తెలిసిపోతోంది. ఎవరు రాశారు, నువ్వేనా?"

"నేనే... రాశాను."

"అదీ! అనుకున్నాను. వయసు అలాంటిది, ఏం చేస్తావ్? మా షాపుకి ప్లాస్టిక్ అద్దాలు తెచ్చి గాజు అని అంటగడతారు. గోటితో ఒక్క గీత గీస్తే చాలు. నీ సినిమా అంతా గాజేనయ్యా, ఆ మాటొక్కటే ప్లాస్టిక్. నకిలీ."

"నకిలీ కాదు బావా."

"బాధపడకు. మొదటి సినిమా కదా. రెండోదానికి ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళ చేత రాయించుకో. ఇప్పటికి ఇది చాల్లే, పిల్లలు ఆడుకున్నట్టుంది."

చిన్నోడి చెవులు ఎర్రబడ్డాయి. అక్క చూసింది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకుంటే అవే చెవులు, అదే ఎరుపు. వద్దురా, అని కళ్ళతోనే అంది. వాడు ఇటు చూడలేదు.

"నకిలీ అని మీరెలా అంటారు? అది ఎవరూ రాసింది కాదు! కాగితం మీద లేనే లేదు! ఆ మెట్ల మీద ఒక మనిషి ఇంకో మనిషితో నిజంగా అన్న మాట అది, నా చెవులతో నేను విన్నాను. సినిమా మొత్తంలో నిజమంటూ ఉంటే అదొక్కటే..."

అప్పుడాగాడు.

అక్క కెటిల్‌ని నేల మీద పెట్టింది. బల్ల దాకా నడిచే ఓపిక లేదు.

అమ్మ పేపరు కిందికి దించింది. "ఏ మెట్లురా? మన మెట్లా?" ఆవిడ ముఖంలో నవ్వు మెల్లిగా కరిగింది. "ఆ టైపు మిషన్లు బాగుచేసేవాడి గోల మళ్ళీ ఎందుకు తవ్వుతున్నావురా వెధవా? వాడి ఊసు ఎత్తొద్దని అందరికీ చెప్పి..." అని, అల్లుడి ముఖం చూసి, నోటికి పేపరు అడ్డం పెట్టుకుంది. ఆ పేపరు మీద కొడుకు వంకర ముక్కుతో నవ్వుతున్నాడు.

"టైపు మిషన్లు," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "మంచి పనే."

అమ్మ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అల్లుడుగారూ, అది పసితనపు ముచ్చట బాబూ. తెలిసీ తెలియని..."

"అత్తయ్యా, మీరు టీ తాగండి." ఆయన ప్లేటులో బ్రెడ్డు అంచులన్నీ ఒక పక్కకి చేర్చాడు. "ఏమోయ్, సినిమా ఆపమనను. వేరే అమ్మాయి గొంతు పెట్టమనీ అనను. మీ అక్క గొంతే ఉండనీ. ఈ మధ్యాహ్నం మీ స్టూడియోకి వెళ్దాం. ఆ ఒక్క మాట ఈవిడ మళ్ళీ చెప్తుంది. ఇంట్లో గొంతుతో. నాకు ఉప్పు అందించే గొంతుతో. అది పెట్టి విడుదల చేసుకో."

"బావా, అలా చేస్తే సినిమా చచ్చిపోతుంది!"

"చచ్చిపోనీ. మీ అక్క మాత్రం ఇంట్లో ఉంటుంది. ఏది బాగుంది నీకు? ఇదా, అదా?"

చిన్నోడు ఆలోచించాడు. అక్కడే, అందరి ముందూ, నేల చూస్తూ ఆలోచించాడు. ఆ కాస్సేపు అక్క తమ్ముడి నెత్తి మీద సుడి చూస్తూ నిలబడింది. తను దువ్విన తల. వెంటనే 'మా అక్కే కావాలి' అంటాడని ఎదురుచూసింది పిచ్చిది.

"ఒక్క మాటేగా, చెప్పెయ్యవే," అంది అమ్మ బతిమాలుతూ. "నీకు మాత్రం పోయేదేముంది?"

అక్క ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది. "ఈ రోజు రాలేను. ఇంట్లో పనుంది," అంది, ప్రతి అక్షరం విడివిడిగా, ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

"అదీ గొంతు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

డబ్బింగ్ థియేటరంటే పేరుకే థియేటరు. గోడలకి బూడిదరంగు గుడ్డ అంటించిన ఇరుకు గది, మధ్యలో మైకు, ఎదురుగా తెర, పక్క గోడకి పెద్ద గాజు కిటికీ. కిటికీ అవతల సౌండాయన, ఆయన మిషన్లు. తలుపు మూస్తే ఇవతలివాళ్ళకి అవతలి మాట వినబడదు. అవతలివాళ్ళు బటన్ నొక్కి మాట్లాడితేనే చెవుల్లోకొస్తుంది. ఇవతలి మాట మాత్రం, గుటక వేసినా సరే, అవతలికి వినబడుతుంది.

అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. గాజు అవతల మొగుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు గోళ్ళు కొరుకుతున్నాడు.

"రెడీయా మేడమ్? ఎర్ర లైటు వెలగ్గానే," అన్నాడు సౌండాయన. నెత్తి నెరిసిన మనిషి, ఎన్ని ఏడుపులు రికార్డులోకి ఎక్కించాడో, ఇప్పుడు ఏలక్కాయ నములుతూ కూర్చున్నాడు.

తెర మీద పిల్ల చొక్కా చివర పట్టుకుంది. చప్పుడు లేకుండా అంకెలు లెక్కపెట్టింది. లైటు వెలిగింది.

"రాకపోయినా ఫరవాలేదు. వస్తానని చెప్పు."

అక్క చెప్పింది. ఆయన అడిగినట్టే చెప్పింది. మోసం చెయ్యలేదు, ఒక్క అణువు తడి కలపలేదు. టిఫిను బల్ల మీద ఉంది, గ్యాస్ అయిపోయింది, మీ అమ్మగారు పోయారు, అన్న గొంతు. లైన్లో ఉండండి అన్న గొంతు.

సౌండాయన నమలడం మానేశాడు. హెడ్‌ఫోన్స్ తీసి ఒడిలో పెట్టుకున్నాడు. టాక్‌బ్యాక్ బటన్ మీద నుంచి వేలు తియ్యడం మర్చిపోయినట్టున్నాడు, అవతలి గదంతా అక్క చెవుల్లోకి వచ్చేసింది.

"అమ్మా," అన్నాడు ఆ పెద్దాయన, తనలో తనే.

"ఇంకోసారి వెయ్యండి," అంది చిన్నోడి గొంతు. వేశారు. అక్క తన గొంతు తనే వింది. మెట్ల మీది పిల్ల గొంతులో ఆశ ఉండేది. ఇందులో లేదు. రాడని తెలిసి, రాడని తెలిసి కూడా రోజూ రెండు ప్లేట్లు పెట్టుకుంటూ వచ్చిన మనిషి అన్న మాటలా ఉంది.

"బావా! ఇది... ఇది ముందుదానికన్నా... అబ్బ! ఇదే పెడుతున్నాను. ఇదే ఫైనల్!" చిన్నోడు గంతులు వేస్తున్నాడు.

"వద్దు," అంది మొగుడి గొంతు. "పాతదే ఉంచు."

"మీరే కదా అడిగింది?"

"పాతదే ఉంచమంటున్నాను!"

ఆయన అరవగా అక్క వినడం అదే మొదటిసారి. గాజు అవతల ముఖం తెల్లగా పాలిపోయింది. ఊళ్ళో ప్రతి హాల్లోనూ, టిక్కెట్టు కొన్న ప్రతివాడూ, తన ఇంట్లో ఏ గొంతు వినబడుతుందో వినబోతున్నాడని ఆయనకి అర్థమైంది. అంతకన్నా ముందు ఆయనకే వినబడింది. ఇన్నేళ్ళూ ఉప్పుతో పాటు అందుకుంటూ వినని గొంతు.

సౌండాయన లేచి తలుపు వైపు పోబోయాడు. కళ్ళజోళ్ళాయన ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. బటన్ నొక్కాడు.

"ఇప్పుడన్న మాట," అన్నాడాయన. "ఎవరితో అన్నావు? వాడితోనా? నాతోనా?"

అక్క జవాబు చెప్పబోయి కళ్ళెత్తింది. మొగుడి భుజం వెనక తమ్ముడు కనబడ్డాడు. వాడు అక్కని చూడ్డంలేదు. తలుపు దగ్గర ఆగిపోయిన సౌండాయన వైపు తిరిగి, ఒక వేలు పెదాల మీద పెట్టుకుని, రెండో చేతివేలిని గాలిలో గుండ్రంగా తిప్పుతున్నాడు. ఆపొద్దు. మిషను తిరగనీ. ఎక్కించుకో.

మైకు మీద ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"చెప్పు," అన్నాడు మొగుడు, చెవిలో, దాదాపు బతిమాలుతూ.

అక్క తమ్ముణ్ణి చూసింది. లైటుని చూసింది. తర్వాత మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.